స్కాన్ సీడీ అడిగి తీసుకోండి, ఇంట్లోనే తెరిచి సరిచూసుకోండి

సంపాదకుల గారికి నమస్కారం.

సీటీ స్కాన్ అయ్యాక సెంటర్లో ఇచ్చే పెద్ద కవరులో రెండు మూడు ఫిల్ములు, ఒక రిపోర్టు ఉంటాయి. స్కాన్ అంటే అదే అనుకుని జనం ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో, శ్రీకాకుళం నుంచి విశాఖకో ఆ కవరుతో పెద్ద డాక్టర్ దగ్గరికి బయల్దేరుతారు. అక్కడ ‘సీడీ తెచ్చారా?’ అని అడుగుతారు. తేకపోతే చాలాసార్లు స్కాన్ మళ్లీ తీయాల్సి వస్తుంది. ఖర్చు, రేడియేషన్ రెండూ రెండోసారి. కిడ్నీలు సరిగా లేనివారికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనిపించేందుకు ఇచ్చే మందు) మళ్లీ ఇవ్వడం చిన్న విషయం కాదు.

ఛాతీ సీటీని 1 మి.మీ. మందం ముక్కలుగా తీస్తే 300కు పైగా చిత్రాలు వస్తాయి. 14×17 అంగుళాల ఫిల్ము మీద చదవడానికి వీలుగా పట్టేవి 20, 30. అందుకే మందపాటి ముక్కల్లోంచి ఏరి ముద్రిస్తారు. పైగా నలుపు తెలుపుల మోతాదు ముద్రణతోనే ఖాయమైపోతుంది. ఊపిరితిత్తుల కోసం ముద్రించిన ఫిల్ములో ఎముకలన్నీ తెల్లటి ముద్దలే, పక్కటెముకలో సన్నని పగులుంటే దాంట్లో కనపడదు. ఆ ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే మిగిలేది ఇంకా తక్కువ.

అసలు స్కాన్ ఉండేది డైకామ్ (DICOM) ఫైళ్లలో. ఏ కంపెనీ మెషీన్ మీద తీసినా మరో కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునేలా 1993 నుంచి ఈ పేరుతో నడుస్తున్న ప్రమాణం అది. ఒక సీటీ చిత్రం అంటే 512×512 చుక్కలు, చుక్కకు 2 బైట్లు, అంటే అర ఎంబీ. 300 చిత్రాలకు 150 ఎంబీ చాలు, 700 ఎంబీ సీడీలో హాయిగా పడుతుంది.

స్కాన్ అయిన రోజే ‘డైకామ్ కావాలి, థిన్ స్లైసులతో సహా’ అని ఈ మాటల్లోనే అడగండి. థిన్ స్లైసులంటే 1 మి.మీ. లాంటి పలుచటి ముక్కల చిత్రాలు. వీటిని చాలాచోట్ల చిత్రాలు దాచే సర్వర్‌కు పంపరు, మెషీన్ డిస్కు నిండగానే పాతవి చెరిపేస్తారు. నెల తర్వాత అడిగితే మందపాటి ముక్కల సిరీసే (చిత్రాల వరుసే) మిగిలి ఉండొచ్చు. కంప్యూటర్ వైరస్ భయంతో బయటి పెన్‌డ్రైవ్ పెట్టనివ్వకపోతే సీడీ అడగండి. రోగి తన రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నియమావళిలోనే ఉంది. కాబట్టి మొహమాటపడక్కర్లేదు.

ఇంటికొచ్చాక సీడీ మొత్తాన్ని కంప్యూటర్లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. సీడీ మీద నుంచే తెరిస్తే నత్తనడకే. లోపల డైకామ్‌డిర్ (DICOMDIR) అనే ఫైలు, వెనక ఏ పొడిగింపూ లేని వందల ఫైళ్లు కనిపిస్తాయి. పాడైపోయాయని కంగారుపడొద్దు, వాటి తీరే అంత. పేర్లు మార్చొద్దు, చివర జేపీజీ అని తగిలించినా తెరుచుకోవు. సీడీతో వచ్చే వ్యూయర్ (చిత్రాలు చూపే సాఫ్ట్‌వేర్) సాధారణంగా విండోస్‌లోనే నడుస్తుంది, దాన్నీ కొన్నిసార్లు యాంటీవైరస్ ఆపేస్తుంది. బ్రౌజర్‌లో ఆ బెడద లేదు. ఓహెచ్ఐఎఫ్ (OHIF), డీడబ్ల్యూవీ (DWV) వంటి ఉచిత వ్యూయర్లు మన కంప్యూటర్లోని ఫోల్డర్‌ను ఎక్కడికీ పంపకుండా అక్కడికక్కడే తెరవగలవు.

ఫోల్డర్ ఎంచుకోగానే క్రోమ్ ‘ఇన్ని ఫైళ్లను ఈ సైటుకు అప్‌లోడ్ చేయాలా?’ అని అడుగుతుంది. ఫైళ్లు చదవడానికి అనుమతి అడిగే ప్రశ్న అది. నిజంగా బయటికి పంపేదీ లేనిదీ సైటును బట్టి ఉంటుంది. తెలియని సైటయితే పేజీ పూర్తిగా వచ్చాక వైఫై ఆపి, అప్పుడు ఫోల్డర్ ఇవ్వండి. తెరుచుకుంటే ఆ పని మీ కంప్యూటర్లోనే జరుగుతున్నట్టు. వైఫై మళ్లీ పెట్టే ముందు ఆ ట్యాబ్ మూసేయండి. కంప్రెస్ చేసిన చిత్రాలను విప్పే కోడ్ కొన్ని వ్యూయర్లలో అప్పటికప్పుడు నెట్ నుంచి వస్తుంది, అలాంటిచోట ఈ పరీక్షలో తెరుచుకోకపోవచ్చు. ఇంత జాగ్రత్త ఎందుకంటే ప్రతి డైకామ్ ఫైలు లోపల రోగి పేరు, నంబరు, వయసు లేదా పుట్టిన తేదీ, ఆసుపత్రి పేరు ఉంటాయి. ఊరూపేరూ తెలియని సైటుకు అవి ఇవ్వకూడదు.

తెరుచుకున్నాక ముందు పేరు, తేదీ చూడండి. తర్వాత సిరీసుల జాబితా. కాంట్రాస్ట్ సీటీ అయితే ఇంజెక్షన్‌కు ముందువి, తర్వాతవి వేర్వేరు సిరీసులుగా ఉండాలి. స్లైస్ మందం 5 మి.మీ. అని మాత్రమే కనిపిస్తే థిన్ స్లైసులు రాలేదన్నమాట. మౌస్ చక్రం తిప్పుతూ పైనుంచి కిందివరకూ రండి, మధ్యలో దూకితే కాపీలో కొన్ని పోయినట్టే. సిరీసులో నాలుగైదు చిత్రాలే ఉండి, విండో (నలుపు తెలుపుల మోతాదు) మార్చినా కొత్తగా ఏమీ బయటపడకపోతే అవి స్క్రీన్‌షాట్లు, డైకామ్ రూపంలో ఉన్నా పనికిరావు. వెంటనే సెంటర్‌కు వెళ్లి పూర్తి డేటా అడగండి.

అంతా నల్లగానో తెల్లగానో ఉంటే ఫైలు తప్పు కాదు, విండో తప్పు. సీటీలో గాలి విలువ మైనస్ 1000, నీరు 0, గట్టి ఎముక 1000 దాకా పోతుంది. వీటిలో ఎంత మేర తెర మీద చూపాలో చెప్పేదే విండో. ఊపిరితిత్తులకు దాని వెడల్పు 1500, మధ్యస్థానం మైనస్ 600. మెదడుకు 80, 40. మెదడు విండోలో ఊపిరితిత్తి చూస్తే నల్లటి గొయ్యిలా ఉంటుంది. ఎంఆర్ఐకి ఇలాంటి స్థిరమైన అంకెలు లేవు, మౌస్‌తో సర్దుకోవాల్సిందే.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. అడ్డకోత చిత్రాల్లో తెర మీద ఎడమ పక్కన ఉండేది రోగి కుడి వైపు. పాదాల దగ్గర నిలబడి తలవైపు చూసినట్టు చూపిస్తారు. ఇది తెలియక ‘రిపోర్టులో ఎడమ కిడ్నీ అని తప్పు రాశారు’ అని గొడవకు వెళ్లేవారున్నారు. పెద్దవారి మెదడు సీటీలో నడిమధ్య కనిపించే చిన్న తెల్లటి చుక్క చాలామందిలో సున్నం పేరుకున్న పీనియల్ గ్రంథి మాత్రమే. దాన్ని చూసి రాత్రంతా నిద్ర మానుకోవద్దు. ఇంట్లో తెరిచేది డేటా పూర్తిగా ఉందో లేదో చూసుకోవడానికే. జబ్బు తేల్చడానికి రేడియాలజిస్టు, ఆయన ముందు అందుకోసమే సరిచేసిన మానిటర్ ఉండాలి.

డాక్టర్‌కు పంపాలంటే ఫోల్డర్‌ను జిప్ చేసి వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా వెళ్తుంది.

సీడీకి ఎంత తీసుకుంటారు, సీడీ బదులు ఆన్‌లైన్ లింకు ఇస్తే ఎన్నాళ్లు పనిచేస్తుంది, థిన్ స్లైసులు ఎన్ని రోజులు ఉంచుతారు అన్న మూడు సంగతులూ ప్రతి స్కాన్ సెంటర్ రిసెప్షన్‌లో తెలుగులో రాసి పెట్టేలా జిల్లా వైద్యారోగ్య అధికారులు ఆదేశించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

— సీటీ, ఎంఆర్ఐ టెక్నీషియన్లు, విజయవాడ