స్పేడెక్స్ అంకెలు మా పిల్లలకూ ఇవ్వండి: అంతరిక్ష శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. 2022లో శ్రీహరికోట మా జిల్లాలోకి వచ్చాక ప్రయోగం ఉందంటే ఇక్కడ ఇంట్లో పెళ్లిలా ఉంటుంది. రెండు ఉపగ్రహాలను అంతరిక్షంలో ఒకదానికొకటి కలిపిన ఇస్రో ప్రయోగం స్పేడెక్స్ గురించి మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం.

2025 జనవరి 12న ఆ రెండు ఉపగ్రహాలను 15 మీటర్లకు, తర్వాత 3 మీటర్లకు తెచ్చి మళ్లీ దూరం జరిపారు. 16న కలిపారు, డాకింగ్ అంటే అదే. అంత దగ్గరికొచ్చాక వెనక్కి తీయడానికి ఎంత నిబ్బరం కావాలి!

క్లాసులో ఒకమ్మాయి అడిగింది, "అంత నెమ్మదిగా కదులుతుంటే టెన్షన్ ఎందుకు సార్?" అని. మంచి ప్రశ్న. 2009లో ఇరిడియం, కాస్మోస్ ఉపగ్రహాలు సెకనుకు 11 కిలోమీటర్లకు పైగా వేగంతో గుద్దుకున్నాయి. అక్కడ లెక్కంతా ఒక్క క్షణానిదే. జంటగా తిరిగేవాటికి ఆ సూత్రం చాలదు. రోజుల తరబడి పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చిన్న తేడా కూడా పేరుకుపోతుంది. బోర్డు మీద వేసి చూపించాను: రెండు కక్ష్యల సగటు ఎత్తులో ఒక్క మీటరు తేడా ఉంటే, చుట్టుకు సుమారు 9.4 మీటర్లు ముందుకో వెనక్కో జరుగుతాయి. రోజుకు 15 చుట్లు, అంటే మర్నాటికి 140 మీటర్లు. ఈలోగా ఒకటి ఏదో లోపం వచ్చి మామూలు పనులు ఆపేసుకుని సేఫ్ మోడ్‌లోకి వెళ్లిందనుకోండి, కాపాడాల్సింది ముందే వేసిపెట్టిన కక్ష్యే. జర్మనీ వాళ్ల టాండెమ్-ఎక్స్ ఉపగ్రహాల జంటను అలాగే నడిపారు. పైకీ కిందికీ ఎడం తగ్గేచోట పక్కలకు ఎడం ఉంటుంది, ముందువెనకల అంచనా తప్పినా తగులుకోవు.

2005లో నాసా వారి డార్ట్ అనే వ్యోమనౌక నావిగేషన్ లెక్క తప్పి, తాను దగ్గరికి వెళ్లాల్సిన ఉపగ్రహాన్నే తాకింది. ఆ దర్యాప్తు సారాంశాన్ని నాసా బయటపెట్టింది కాబట్టే ఈరోజు నేను దాన్ని పాఠంగా చెప్పగలుగుతున్నాను. మన స్పేడెక్స్ గెలిచింది. గెలిచినదాని లెక్కతో పాఠం చెప్పాలని నాకుంది.

ఆ జనవరి రోజుల్లో రెండింటి మధ్య దూరం, వేగం, ఆ అంచనాల్లో ఎంత తేడా ఉండొచ్చనుకున్నారు, ఏ హద్దు దాటితే వెనక్కి తీయాలనుకున్నారు: ఈ అంకెలు మాకు అందేలా చూడండి. సెన్సర్ల రహస్యాలు తీసేసే ఇవ్వండి. ఊళ్లో ఎస్వీయూ ఉంది, ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. చంద్రయాన్-4కూ, భారతీయ అంతరిక్ష స్టేషన్‌కూ డాకింగ్ తప్పదు, ఈ లెక్క వచ్చినవాళ్లు మీకు చాలామంది కావాలి.

వచ్చే విద్యా సంవత్సరంలోపు ఇస్తే ప్రాజెక్టులకు ఇదే అంశం పెడతాను. పిల్లలు వేసిన లెక్కలు మీకే పంపిస్తాం, తప్పులుంటే దిద్దండి.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక ఫిజిక్స్ అధ్యాపకుడు