క్యాన్సర్ ట్రయల్స్ రోగి ఊరికి దగ్గరగా, రోగి మాటలో జరగాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నం శివారు అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నిర్వహిస్తున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి పేరులో ‘పరిశోధన కేంద్రం’ అనే మాట కూడా ఉంది. అక్కడికి వెళ్ళే మా ఉత్తరాంధ్ర రోగుల్లో చాలామంది ఆ మాటను పట్టించుకోరు. పట్టించుకున్నవారు అది డాక్టర్ల వ్యవహారమని అనుకుంటారు. నిజానికి అది ముందుగా రోగుల వ్యవహారం. కొత్త మందైనా, పాత మందుకు కొత్త మోతాదైనా మనుషుల మీద పరీక్షించి తేల్చుకోక తప్పదు. ఆ పరీక్షలు ముంబయి, హైదరాబాద్ వంటి నగరాలకే పరిమితమైతే పలాస, టెక్కలి, పాడేరు రోగులకు వాటిలో చోటు దక్కదు, వాటి ప్రశ్నల్లో వారి కష్టమూ కనిపించదు. అందువల్ల ఈ పరీక్షలు, అంటే క్లినికల్ ట్రయల్స్, ప్రాంతీయ ఆసుపత్రుల్లో విరివిగా జరగాలనీ, అయితే రోగికి తన మాటలో అర్థమయ్యేలా చెప్పిన తర్వాతే జరగాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా ప్రాంతానికి ఈ సంగతి కొత్త కాదు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న కొస నోట్లో ఉండేలా పెట్టుకొని కాలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లబారుతుంది, పుండు పడుతుంది, కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు అలవాటున్న 36,000 మందిని ఎంచుకొని, మానమని నచ్చజెబితే నోటిలోని మచ్చలు తగ్గుతాయా అని ఏళ్ళ తరబడి పరిశీలించి 1986లో ఫలితాలు ప్రచురించారు. ఆ తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అడ్డపొగ తాగేవారిలో కొందరికి విటమిన్-ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఇచ్చి, ఇవ్వనివారితో పోల్చి చూశారు. ఇచ్చినవారిలో మచ్చలు ఎక్కువగా తగ్గాయని 1990లలో తేల్చారు. అంటే మా ఆడవాళ్ళు వైద్యశాస్త్రం కోసం నోరు తెరిచి చూపించడం ఈనాటిది కాదు. కానీ ఆ పరిశోధనల్లో ఏం తేలిందో తెలిసినవారు మా ఊళ్ళలో ఒక్కరు కూడా నాకు ఎదురుపడలేదు. ముప్పై ఏళ్ళకు పైగా సైన్సు పాఠాలు చెప్పిన నేను కూడా ఉద్యోగ విరమణ తర్వాతే వాటి గురించి చదివాను.

చదవడానికి కారణం మా అప్ప, అంటే మా అక్క. నలభై ఏళ్ళు అడ్డపొగ తాగిన ఆమెకు 2021లో అంగిలి క్యాన్సర్ అని తేలింది. మేము ఆమెను దూరాన ఉన్న ఒక పెద్ద నగరంలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. రెండో రోజు సాయంత్రం ఒక యువకుడు వచ్చి, కొత్త మందు మీద పరీక్ష జరుగుతున్నదనీ, ఆమె అందులో చేరవచ్చుననీ చెప్పి, పద్దెనిమిది పేజీల కాగితాలు చేతికిచ్చాడు. అవి ఆంగ్లంలో ఉన్నాయి. తెలుగు ప్రతి కూడా ఉందని తర్వాత చూపించాడు గాని, ‘యాదృచ్ఛికీకరణ’, ‘ప్రతికూల సంఘటన’, ‘ప్రాయోజకుడు’ వంటి మాటలతో నిండిన ఆ తెలుగు నాకే కొరుకుడు పడలేదు. ఆమె మాత్రం, “నాకేటి తెలుస్తాదిరా, నువ్వు సదువుకున్నోడివి, ఎక్కడెయ్యమంటే అక్కడేస్తాను” అని బొటనవేలు చాపింది. నేను చూపించిన చోటల్లా ముద్ర వేసింది. సాక్షి సంతకం నేనే చేశాను.

చదువురాని రోగి సమ్మతి ఇచ్చేటప్పుడు నిష్పాక్షికమైన సాక్షి ఉండాలని నిబంధన చెబుతున్నదనీ, ఆమెను ఎలాగైనా బతికించుకోవాలన్న ఆత్రంలో ఉన్న తమ్ముడు అటువంటి సాక్షి కాలేడనీ నాకు అప్పుడు తెలియదు. ఏ రోగికి ఏ మందు వస్తుందో చీటీలు తీసినట్టుగా నిర్ణయిస్తారనీ, మధ్యలో ఎప్పుడైనా తప్పుకోవచ్చుననీ, తప్పుకున్నా మామూలు వైద్యం ఆగదనీ కూడా తెలియదు. మూడు వారాలకొకసారి రాత్రంతా రైలులో, మెతుకు మింగలేని మనిషిని పట్టుకొని వెళ్ళడం రెండు విడతలకు మించి మావల్ల కాలేదు. మేము వెళ్ళకపోతే ఎందుకు రాలేదని అడిగినవారు లేరు. మరుసటి సంవత్సరం ఆమె కన్నుమూసింది. ఆ మందు వల్ల పోయిందని నేను అనడం లేదు. ఆ పరీక్ష దగ్గరలో జరిగి ఉంటే, మా అప్పకు అర్థమయ్యే మాటల్లో ఎవరైనా చెప్పి ఉంటే, తన ఒంటి గురించిన నిర్ణయం ఆమె తానే తీసుకొని ఉండేదని మాత్రం అంటున్నాను.

ప్రయోగమనగానే మన రాష్ట్రాల ప్రజలు భయపడటానికి కారణాలున్నాయి. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వంటి మండలాల్లో, పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వయసున్న సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. బాలికల మరణాల వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని విచారణ సంఘం చెప్పింది. ఆ టీకా మేలైనదని నేనూ నమ్ముతాను. కానీ పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారనీ, 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయనీ బయటపడింది. కన్న తల్లిదండ్రులను అడగవలసిన ప్రశ్నకు వార్డెన్ జవాబు చెప్పాడన్నమాట. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. మంచి టీకాకు కూడా ఆ సంతకాల వల్ల చెడ్డపేరు వచ్చింది, ఆ నష్టం ఈనాటికీ పూర్తిగా తీరలేదు.

చట్టం ఇప్పుడు బలహీనంగా లేదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్‌ను పరిశీలించి అనుమతించే ఎథిక్స్ కమిటీలో కనీసం సగం మంది ఆ కమిటీ ఉన్న సంస్థకు బయటివారై ఉండాలి, సభ్యుల్లో వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు కూడా ఉండాలి. తీవ్రమైన హాని జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో తెలియజేయాలి. ట్రయల్ వల్ల హాని కలిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. అయితే ఈ రక్షణలన్నీ రోగికి తెలిసినప్పుడే రోగివి అవుతాయి. ప్రతి ట్రయల్‌ను నమోదు చేయవలసిన జాతీయ రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది, వివరాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు; కానీ అవి ఆంగ్లంలో ఉంటాయి.

ఇక ట్రయల్ ఏ ప్రశ్న అడుగుతున్నదన్నది నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం. మన దేశపు ప్రభుత్వ ఆసుపత్రులు మన రోగుల ప్రశ్నలు అడిగినప్పుడు ఎంత మేలు జరిగిందో చూడండి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ మామూలు మత్తుమందు లిడోకెయిన్ ఇంజెక్షన్ చేస్తే ప్రయోజనం ఉంటుందా అని దేశంలోని 11 కేంద్రాల్లో దాదాపు 1,600 మంది స్త్రీలలో పరీక్షించారు. అయిదేళ్ళ తర్వాత బతికి ఉన్నవారు ఆ ఇంజెక్షన్ తీసుకోనివారిలో 86.4 శాతం కాగా, తీసుకున్నవారిలో 90.1 శాతం. ఏ కంపెనీకీ లాభం లేని ప్రశ్న అది. తల, మెడ క్యాన్సర్లకు నివోలుమాబ్ అనే ఖరీదైన మందును మామూలు మోతాదులో పదో వంతుకు లోపు, అంటే మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు, ఇతర మందులతో కలిపి ఇచ్చి చూసినప్పుడు ఏడాది బతికినవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ముదిరిన నోటి, గొంతు క్యాన్సర్లకు ఆసుపత్రిలో ఎక్కించే సిస్‌ప్లాటిన్ అనే మందుకు బదులు ఇంట్లోనే మింగగలిగే మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్ మాత్రలు ఇచ్చి 422 మందిలో పోల్చినప్పుడు, మాత్రలు వేసుకున్నవారిలో సగం మంది 7.5 నెలలకు పైగా, సిస్‌ప్లాటిన్ ఎక్కించుకున్నవారిలో సగం మంది 6.1 నెలలకు పైగా బతికారు. మాత్రల వల్ల బాధలూ తక్కువే. ఆ చివరి ఫలితం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా అప్పకు కావలసిన ప్రశ్న అదే: ఇల్లు కదలకుండా వేసుకోగల మందు ఏదైనా ఉందా?

అటువంటి ప్రశ్నలు విశాఖలోనే పుట్టాలి. అంగిలి క్యాన్సర్ గురించి, మన్యం నుంచి ఆలస్యంగా వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి అడగవలసినవారు ఆ రోగులను రోజూ చూసే డాక్టర్లే. సమ్మతి పత్రాన్ని ఆంగ్లం నుంచి అనువదించడం మాని, రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అనే మనిషికి అర్థమయ్యేలా ఇక్కడి నర్సుల చేత, పూర్వ రోగుల చేత మాట్లాడించి తయారు చేయాలి. కాగితం ఇచ్చిన పూటే ముద్ర అడగకుండా ఇంటికి తీసుకువెళ్ళి నలుగురితో మాట్లాడుకొనే వ్యవధి ఇవ్వాలి. రోగికీ తోడు వచ్చినవారికీ దారిఖర్చులు, పోయిన కూలి చెల్లించడానికి భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు అనుమతిస్తున్నాయి. వాటిని దయగా కాక హక్కుగా ట్రయల్ ఖర్చులోనే చేర్చాలి. మధ్య విడతల రక్తపరీక్షలు శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి చోట్ల జరిపే ఏర్పాటు చేస్తే సగం ప్రయాణాలు తప్పుతాయి.

ట్రయల్ ముగిశాక ఏం తేలిందో పాల్గొన్నవారికి, వారు లేకపోతే వారి ఇంటివారికి, తెలుగులో ఒక ఉత్తరం రాయాలని ఆసుపత్రుల అధికారులనూ, రాష్ట్ర ఆరోగ్యశాఖనూ ప్రత్యేకంగా కోరుతున్నాను. మా అప్ప పాల్గొన్న పరీక్షలో ఏం తేలిందో మాకు ఈనాటికీ తెలియదు. ఆమె పెద్ద కోడలు ఇప్పటికీ అడ్డపొగ తాగుతున్నది. ఆ ఉత్తరం వస్తే ఆమెకు నేనే చదివి వినిపిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా.