ఆ ఆకుపచ్చ ల్యాండ్ రోవర్‌ని అమ్మకం నుంచి ఎందుకు తీసేశానంటే

బ్రిటన్‌లో పాత ల్యాండ్ రోవర్లు కొని, బాగుచేసి అమ్మడం మా పని. ఫిబ్రవరిలో నేను అమ్మకానికి ఫోటోలు పెట్టిన ఆకుపచ్చ బండి గుర్తుందిగా. 1972 సిరీస్ త్రీ మోడల్, ముందు వెనక చక్రాల మధ్య 88 అంగుళాలుండే పొట్టి బండి, బ్రాంజ్ గ్రీన్ రంగు, మీగడ రంగు చక్రాలు. దాని కింద "పూర్తిగా రీస్టోర్ చేసిన బండి, తాళం తిప్పి నడుపుకోవడమే" అని రాసింది నేనే. ఆ మాట నిజం కాదు. రాసినప్పుడు నాకు తెలియదు. కానీ తెలుసుకుని రాయాల్సింది కూడా నేనే కదా.

దాన్ని ఎక్కువ ధరకి ఇంకెవరికో అమ్ముకున్నానని కొందరు అనుకుంటున్నారట. అదేం లేదు. అడ్వాన్సుగా 2,000 పౌండ్లు ఇచ్చిన పెద్దాయనకి ఆ సొమ్ము మొత్తం వెనక్కి ఇచ్చేశాను. బండి మా షెడ్డులోనే ఉంది, ముక్కలు ముక్కలుగా.

డెలివరీకి నాలుగు రోజుల ముందు సంగతి ఇది. వెనక కమాన్ కట్టల బుష్‌లు అరిగి కిర్రుమంటున్నాయి, ఇచ్చేముందు మార్చేద్దామని బండిని లేపాం. యాక్సిల్‌ని కిందికి వదలాలంటే బరువు చాసీ మీద, అంటే బండి మొత్తాన్ని మోసే ఉక్కు చట్రం మీద, మోయించాలి. మా వెల్డర్ చాసీ రైలు (పొడుగు దూలం) కింద స్టాండు పెట్టి జాకీ మెల్లగా దించాడు. బండి స్టాండు మీద కూర్చోవాలి. కూర్చోలేదు. స్టాండు తల అంగుళం మేర చాసీలోకి దిగబడింది. తుప్పు రాకుండా బండి అడుగున పూసే నల్లటి అండర్‌కోటింగ్ పెచ్చు ఒకటి ఊడి నేలమీద పడింది. అతను మళ్లీ జాకీ ఎక్కించాడు. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

తర్వాత చిన్న సుత్తి తీసుకుని రైలు పొడుగునా కొట్టుకుంటూ వచ్చాను. మంచి ఇనుము ఠంగుమంటుంది. ముందు సగం ఠంగుమనే అంది. గేర్‌బాక్స్ దాటాక శబ్దం చచ్చిపోయింది, నానిన అట్టపెట్టెని కొట్టినట్టు డబ్, డబ్. స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే పిడి దాకా పోయింది. లాగితే ముక్కుపొడుంలాంటి ఎర్రటి పొడి మొహం మీద రాలింది. అండర్‌కోటింగ్ గీకి చూస్తే ప్లేటు మీద ప్లేటు, దాని మీద ఇంకో ప్లేటు. తుప్పు పట్టిన భాగాన్ని కోసి తీసేయకుండా, పైన రేకు అతికించి, అంచులు వెల్డు చేసి, నల్లగా పూసేశారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఈ బండ్లలో ఇలా ఎందుకు జరుగుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే నాకు ఫోన్ చేసేవాళ్లలో సగం మంది "అల్యూమినియం బండి కదండీ, తుప్పెక్కడిది" అంటారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటన్‌లో ఉక్కు కరువు, రేషన్ మీద ఇచ్చేవాళ్లు. అందుకే రోవర్ కంపెనీలో మారిస్ విల్క్స్ ఈ బండిని తలపెట్టినప్పుడు బాడీకి బర్మాబ్రైట్ అనే అల్యూమినియం మిశ్రమం వాడారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో చూపించిన బండి అదే, 80 అంగుళాలది. కాబట్టి మీ చేతికి తగిలే రెక్కలు, తలుపుల రేకులు, వెనక తొట్టి తుప్పు పట్టవు. కానీ వాటన్నిటినీ మోసే చాసీ ఉక్కుదే. ఇంజనుకీ మన కాళ్లకీ మధ్య నిలబడే బల్క్‌హెడ్ కూడా ఉక్కుదే. చాసీ అంటే నాలుగు పక్కలా రేకులు కలిపి వెల్డు చేసిన పెట్టె. దాని కన్నాల్లోంచి బురద, ఉప్పునీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. అది లోపల్నుంచి తింటూ వస్తుంది, బయట పెయింటు మీద పొంగు కనబడేసరికి లోపల ఏమీ మిగలదు. అన్నట్టు అల్యూమినియం కూడా పూర్తిగా క్షేమం కాదు. ఉక్కు బోల్టు తగిలే చోట తడి చేరితే తెల్లటి పొడిగా రాలిపోతుంది. తలుపుల కింది అంచుల దగ్గర చూడండి.

ఇవన్నీ తెలిసినవాడివి, మరి కొనేటప్పుడు నీ కళ్లు ఏమయ్యాయి అంటారు. అడగాల్సిన ప్రశ్నే.

చలికాలం అంతా పని పల్చగా ఉంది. అమ్మకానికి ఒక మంచి బండి ఉంటే షెడ్డు అద్దె వెళ్లిపోతుందని ఆశ. అమ్మినాయన దగ్గర లావుపాటి ఫైలు, బిల్లులు, ఫోటోలు. సీట్లు కొత్తవి, ఇంజను విప్పి కట్టారు, పెయింటు అద్దంలా ఉంది. వాన పడుతుంటే టార్చి పట్టుకుని పది నిమిషాలు కింద చూశాను. అంతా నల్లగా, కొత్తగా, శుభ్రంగా కనిపించింది. కొత్తగా పూసిన అండర్‌కోటింగ్ చూడగానే అనుమానం రావాలి, నాకేమో ముచ్చటేసింది. ఆ ఫైల్లో నలభైకి పైగా ఫోటోలున్నాయి. వాటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా పెయింటు లేని చాసీది లేదు. ఇంటికొచ్చాక అయినా అది తట్టలేదు.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. బ్రిటన్‌లో ఏ బండి నంబరు కొట్టినా పాత ఎంఓటీ తనిఖీల (బండి రోడ్డుకి పనికొస్తుందా అని ఏటా చేసే పరీక్షల) చరిత్ర ప్రభుత్వ సైటులో ఉచితంగా కనిపిస్తుంది. నేను ఈ బండిది చూడలేదు. స్టాండు దిగబడిన రోజు రాత్రి కూర్చుని చూశాను. 2016లో వెనక చాసీకి తుప్పు అని ఫెయిల్ చేశారు, మూడు రోజుల్లో పాస్ అయింది. మూడు రోజుల్లో చాసీ బాగుపడదు, రేకు మాత్రమే అతుకుతుంది. 2018 మే నుంచి నలభై ఏళ్లు దాటిన బండ్లకి, పెద్ద మార్పులు చేయనంత వరకు, ఎంఓటీ అక్కర్లేదని రూలు వచ్చింది. అంటే ఆ తర్వాత ఈ బండి కింద తనిఖీ చేసే కన్ను పడలేదు. రోడ్డు పన్ను లేదు, ఎంఓటీ లేదు అని మేమంతా గొప్పగా చెప్పి అమ్ముతాం. ఆ వెసులుబాటు చాటున ఏం దాక్కుంటుందో నా సొంత డబ్బుతో తెలిసింది.

మర్నాడు పొద్దున్నే పెద్దాయనకి ఫోన్ చేశాను. కక్కలేక మింగలేక విషయం చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు, అంతా విని ఒకటే అడిగారు.

"బాబూ, కొనేముందు నువ్వు చూసుకోలేదా?"

"చూశానండి. చూడాల్సింది చూడలేదు."

"ఊఁ. డబ్బు పంపించెయ్. బాగుచేశాక మళ్లీ చెప్పు, అప్పుడు ఆలోచిస్తాను."

అరిచినా బాగుండేది అనిపించింది.

ఇకమీదట "రీస్టోర్ చేసిన" అన్న మాటని మా దగ్గర ఒంటరిగా వాడం. ఆ మాటకి ఒక కొలత అంటూ లేదు. పెయింటు వేసి సీట్లు మార్చినా రీస్టోరే, చివరి బోల్టు దాకా విప్పి కట్టినా రీస్టోరే. కాబట్టి చాసీ పాతదా, కొత్తదా, పాతదైతే ఎక్కడెక్కడ వెల్డింగ్ పడింది, బల్క్‌హెడ్‌లో కాళ్లు పెట్టే గుంటలు ఎవరు మార్చారు, గేర్‌బాక్స్ విప్పారా లేదా, ఇలా ప్రతి బండికీ ఒక కాగితం రాసిస్తాం. చేయని పని కూడా "చేయలేదు" అని అందులో ఉంటుంది. పెయింటు పడకముందు తీసిన చాసీ ఫోటోలు లేని బండిని బయటనుంచి కొనను. పాత బండ్లకి చట్టప్రకారం అక్కర్లేకపోయినా ఎంఓటీ చేయించే ఇస్తాం. దీనివల్ల ధర పెరుగుతుంది, దాచడం లేదు. గాల్వనైజ్ చేసిన, అంటే తుప్పు రాకుండా జింకు పూత వేసిన, కొత్త చాసీ మీదకి ఒక సిరీస్ బండిని మార్చడానికి మా ఇద్దరికీ కలిపి 200 గంటల పైమాటే పడుతుంది, బల్క్‌హెడ్ పని కాకుండా.

మా దగ్గర కొనకపోయినా ఫరవాలేదు, ఎక్కడ కొన్నా ఇది గుర్తుపెట్టుకోండి. మీరు కొనేది చాసీని, బల్క్‌హెడ్‌ని. మిగతాదంతా బోల్టులతో బిగించే సామాను, ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుంది. సొట్టలు పడి, రంగు వెలిసి, సీట్లు చిరిగి, చాసీ మాత్రం ఠంగుమనే బండి ఒకటి, అద్దంలా మెరిసే బండి ఇంకోటి పక్కపక్కన పెడితే నేను సొట్టలదే కొంటాను. వెనక అడ్డ దూలం, పక్కలకి పొడుచుకొచ్చే ఔట్‌రిగ్గర్లు, ముందు కమాన్ కట్టలు వేలాడే కొనలు, బల్క్‌హెడ్ పైమూలలు, ఈ నాలుగు చోట్లా వేలితో నొక్కి చూడండి. సుత్తి పట్టుకెళ్తే అమ్మేవాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. సుత్తి వద్దన్నవాడి దగ్గర కొనక్కర్లేదు. ముందు చక్రాల వెనక స్టీరింగ్ తిరిగే చోట మెరిసే గుండ్రటి స్వివెల్ బంతి ఉంటుంది. దాని మీద గుంటలు పడితే సీలు నిలవదు, నూనె కారుతూనే ఉంటుంది. కొంచెం నూనె కారని సిరీస్ బండిని నేనింకా చూడలేదులెండి, అసలు కారకపోతే లోపల నూనె ఉందో లేదో చూసుకోవాలి.

కాగితాల దగ్గర తొందరపడకండి. లాగ్‌బుక్కులో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) ఉన్న చాసీ నంబరు, బల్క్‌హెడ్ మీద ప్లేటు నంబరు, చాసీ మీద చెక్కిన నంబరు మూడూ ఒకటే కావాలి. చాసీ మార్చి ఉంటే దానికి బిల్లు అడగండి. అదే నమూనా చాసీ వేస్తే ఎంఓటీ మినహాయింపు లెక్కలో అది పెద్ద మార్పు కిందికి రాదు. కానీ సిలిండర్ల లెక్క వేరే ఉన్న ఇంజనో, వేరే బండి యాక్సిల్సో పెట్టి ఉంటే సంగతి మారిపోవచ్చు. బండి అసలు ఏ రంగులో, ఎప్పుడు తయారైందో కావాలంటే ఇంగ్లండ్‌లో గేడన్ అనే ఊళ్లోని బ్రిటిష్ మోటర్ మ్యూజియం హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది.

సిరీస్ కొనాలా, డిఫెండర్ కొనాలా అని చాలామంది అడిగారు. రోజూ నడపాలంటే కమాన్ కట్టల సిరీస్ కాకుండా, మెత్తగా నడిచే కాయిల్ స్ప్రింగులున్నదే కొనండి. 1983లో వన్ టెన్ అనే మోడల్‌తో అవి మొదలయ్యాయి, డిఫెండర్ అనే పేరు 1990లో వచ్చింది, సాలిహల్‌లో చివరిది 2016 జనవరి 29న బయటికొచ్చింది. సిరీస్ బండి గంటకి 50 మైళ్లు దాటితే పక్కవాళ్లతో మాట్లాడాలంటే అరవాల్సిందే. బ్రేకులు నాలుగూ డ్రమ్ములు, ముందుచూపుతో తొక్కాలి. పెట్రోలు 2,286 సీసీ ఇంజను గ్యాలనుకి 20 మైళ్లు ఇస్తే సంతోషించండి. 2021 నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు అంటే ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపినది), అది పాత రబ్బరు గొట్టాలని తినేస్తుంది. మేం గొట్టాలు మార్చే ఇస్తాం, అయినా ఇథనాల్ తక్కువుండే ఈ5 పోయించుకోండి.

ఇంకో మాట, పోయినేడు కొన్న ఒకరికి ఇది సరిగ్గా చెప్పక నావల్లే ఇబ్బంది వచ్చింది. పసుపు గుండీ కిందికి నొక్కితే నాలుగు చక్రాలకీ బలం వెళ్తుంది. ఎర్ర లీవరు వెనక్కి లాగితే లో రేంజి, అంటే మెల్లగా ఎక్కువ బలంతో లాగే గేర్లు, అప్పుడూ నాలుగు చక్రాలే. సిరీస్ త్రీ నాలుగు సిలిండర్ల బండికి మధ్యలో డిఫరెన్షియల్ లేదు, అంటే మలుపులో ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె లేదు. అప్పుడు ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ బిగుసుకుని తిరుగుతాయి. బురదలో చక్రం జారి ఆ బిగువు వదులుతుంది, పొడి తారురోడ్డు మీద వదలదు. ఆయన వానాకాలమంతా "భద్రంగా ఉంటుందని" రోడ్డు మీదే పసుపు గుండీ నొక్కి తిరిగారు. మలుపులో స్టీరింగ్ రాయిలా అయిందని ఫోన్ చేశాక గానీ నాకు తెలియలేదు. చక్రాన్ని తిప్పే హాఫ్‌షాఫ్టు కడ్డీ విరగలేదు, అదృష్టం. తాళాలిచ్చే రోజు ఇక అరగంట ఈ రెండు మీటల కోసమే కూర్చుంటాను.

ఇక ఆకుపచ్చ బండి. బాడీ ఎత్తేశాం, ఇంజను మంచిదే, అమ్మినాయన ఆ ఒక్క మాట నిజమే చెప్పాడు. కొత్త గాల్వనైజ్డ్ చాసీకి ఆర్డరు పెట్టాం. బల్క్‌హెడ్ ఎడమవైపు గుంట కోసేశాం, కుడిది నిలబడుతుంది. శరత్కాలం లోపు రోడ్డెక్కితే ఎక్కినట్టు, తేదీ మాత్రం ఈసారి ముందే చెప్పను. దీని మీద నాకు లాభం మిగలదు. ముందుగా పెద్దాయనకి ఫోన్ చేస్తాను, ఆయన వద్దంటేనే మిగతావాళ్లకి.

కోసి తీసిన చాసీ ముక్కని, మూర పొడుగుంటుంది, బిల్లులు రాసే బల్ల మీద పెట్టాను. మూడు ప్లేట్ల పొరలూ పక్కనుంచి చూస్తే స్పష్టంగా తెలుస్తాయి. వచ్చినవాళ్లు పట్టుకుని చూడండి. చేతికి ఎర్రగా అంటుతుంది, పక్కనే పాతగుడ్డ ఉంచాను.