తుమ్మల శీనుకి, తుమ్ము వంశం సంగతి

జకార్తా, ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలు దాటింది. సంక్రాంతికి రాద్దామనుకున్నాను, ఉగాది కూడా వెళ్లిపోయింది. కోపం తెచ్చుకోకురా. ఇక్కడి కబుర్లు గబగబా చెప్పేస్తాను: అందరం బాగున్నాం, అమ్మకి రెండో కంటికి కూడా శుక్లం తీశారు, చిన్నది ఇండోనేసియా భాష మా ఇద్దరికంటే బాగా మాట్లాడుతోంది, నూలు ధరలు పడిపోయి ఆఫీసులో అందరికీ టెన్షన్. మీ బోరులో నీళ్లు పడ్డాయో లేదో రాయి. ఇంక చాలు. అసలు సంగతి సాయంత్రం నుంచి కడుపులో ఆగట్లేదు.

ఒరేయ్, నిజంగానే తుమ్ము ఇంటిపేరుగా ఉన్న వంశం ఒకటుందిరా! మన లెక్కల మాస్టారు హాజరు పిలుస్తూ ‘తుమ్ముల శ్రీనివాసరావు’ అనడం, వెనక బెంచీ అంతా ఒక్కసారిగా హాచ్ అనడం, నువ్వు లేచి ‘తుమ్మల సార్, తుమ్మ చెట్టు సార్’ అని మొత్తుకోవడం... ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా అదే కదా. నీది చెట్టు పేరు. వీళ్లది మాత్రం అచ్చంగా తుమ్మే.

మా ఆఫీసులో లెక్కలు చూసే పెద్దాయన గురించి ఒకసారి రాశాను గుర్తుందా, టీలో యాలక్కాయ వేసుకునే ఆయన. అందరూ హబీబ్, హబీబ్ అంటుంటే అదే ఆయన పేరనుకున్నాను రెండేళ్లు. అది పేరు కాదు, ప్రవక్త వంశంలో పుట్టినవాళ్లని ఇక్కడ గౌరవంగా పిలిచే పిలుపు. ఇంటిపేరు అలాతాస్. పోయిన నెల రిటైరయ్యారు. బోగోర్‌లో ఉన్న తమ ఇంటికి ఇవాళ భోజనానికి పిలిచారు. మా ఆవిడకి జలుబు, రాలేదు. నేనొక్కణ్ణే లోకల్ రైలెక్కి వెళ్లాను. బోగోర్‌ని ఇక్కడ వాన ఊరంటారు. స్టేషన్లో దిగేసరికి కుండపోత. ఆయన గొడుగు పట్టుకుని బయటే నిలబడి ఉన్నారు. నా మీద గొడుగు, ఆయన సగం తడి. అరవై ఏళ్లు దాటిన మనిషి.

వాళ్ల పేట పేరు ఎంపాంగ్. అరబ్బులు ఎన్నో తరాలుగా ఉంటున్న పేట. అత్తర్లు, టోపీలు, ఖర్జూరాలు అమ్మే కొట్లు, మధ్యలో మసీదు, దాని పక్కనే ఆయన పూర్వీకుల్లో ఒక మహానుభావుడి సమాధి. భోజనంలో మేకమాంసం వేసి వండిన మసాలా అన్నం, నాసి కెబులీ అంటారు. మన బిర్యానీకి పిన్ని కూతురులా ఉంటుంది. నేను వద్దన్నా వాళ్లావిడ వడ్డిస్తూనే ఉన్నారు, అచ్చం మీ అమ్మగారే.

తిన్నాక సమాధి చూసొద్దాం రమ్మన్నారు. చెప్పులేసుకుని గడపలో కాలు పెట్టానో లేదో తుమ్మొచ్చింది. అదీ ఒంటి తుమ్ము! తడిసిన ఒళ్లు కదా. నాకు తెలియకుండానే వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగాను. మా నాయనమ్మ పెట్టిన అలవాటు, ఎక్కడికి పోతుంది? ఆయన కంగారుపడి ఒంట్లో బాగాలేదా అన్నారు. కాదు, బయల్దేరేటప్పుడు ఒక్క తుమ్ము వస్తే మా వైపు మంచిది కాదంటారు, కాసేపు కూర్చుని నీళ్లు తాగి వెళ్తాం, జంట తుమ్ములైతే పర్వాలేదు అని చెప్పాను. ఆయన నన్నలా చూసి లోపలికి తిరిగి ఆవిణ్ణి కేకేశారు. ‘ఇలా రా, ఈ అబ్బాయి మన ఇంటిపేరుకి భయపడి కూర్చున్నాడు!’

ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. నాకేమీ అర్థం కాలేదు. నవ్వు తగ్గాక ఆయన పక్కన కూర్చుని చెప్పారు. అలాతాస్ అంటే అల్ అత్తాస్. అరబ్బీలో అతస అంటే తుమ్మాడు. అత్తాస్ అంటే తుమ్మేవాడు, తరచూ తుమ్మేవాడు.

నేనేమో ఇన్నాళ్లూ అది అత్తరు నుంచి వచ్చిందనుకుంటున్నా. మన వీధిలోకి చెక్కపెట్టెతో వచ్చే అత్తరు సాయిబు గుర్తున్నాడా, మన చొక్కా కాలరుకి దూది అద్ది నవ్వేవాడు? అటువంటి వాళ్ల పూర్వీకులేమో అని నా ఊహ. ఆయన కాగితం మీద రెండు మాటలూ రాసి చూపించారు. అత్తార్, అత్తాస్. మొదటి అక్షరం ఒకటే, మధ్య అక్షరమూ ఒకటే, చివర ఒక్కటే తేడా. రెండూ ఒకే అచ్చులో పోసిన మాటలు. నజ్జార్ అంటే వడ్రంగి, హద్దాద్ అంటే కమ్మరి, ఖబ్బాజ్ అంటే రొట్టెలు కాల్చేవాడు. ఒక పనిని మళ్లీ మళ్లీ చేసేవాడికి ఆ అచ్చు. ఆ మొదటి అక్షరం గొంతు అడుగు నుంచి రావాలట, మనకి ఆ ధ్వనే లేదు. నా చేత పదిసార్లు అనిపించారు. పదకొండోసారికి నిజంగానే తుమ్మొచ్చింది! జంట తుమ్ము లెక్కలోకి వస్తుందని చెప్పి లేచి బయల్దేరాం.

దారిలో అడిగాను, అంత పెద్ద వంశానికి ఈ పేరెలా వచ్చిందని. శీనూ, ఇది విను. వాళ్ల పూర్వీకుడొకాయన తల్లి కడుపులో ఉండగానే తుమ్మాడట. తుమ్మి, ‘అల్‌హమ్దులిల్లాహ్’ అన్నాడట, దేవుడికి స్తోత్రం అని. ఆ మాట బయటికి వినబడిందట. ముస్లింలు తుమ్మగానే ఆ మాటే అంటారు, విన్నవాళ్లు ‘దేవుడు నిన్ను కరుణించుగాక’ అని బదులిస్తారు. మన పెద్దవాళ్లు పిల్లలు తుమ్మితే ‘చిరంజీవ’ అంటారు కదా, అలాగే. కడుపులో ఉన్నవాడికి ఆ బదులు ఎవరిచ్చారో అని నేనంటే ఆయన ఆగిపోయి, ‘తల్లి ఇచ్చి ఉంటుంది’ అన్నారు. అంతే. నాకు ఒళ్లు జలదరించింది. ప్రహ్లాదుడూ అభిమన్యుడూ కడుపులో విన్నారు, అష్టావక్రుడు ఏకంగా మాట్లాడాడు. వాన వెలిసిన ఆ సందులో నిలబడి అష్టావక్రుడి కథ చెప్పాను ఆయనకి. వచ్చీరాని ఇండోనేసియా భాషలోనే. ఎంత శ్రద్ధగా విన్నారనుకున్నావు!

వీళ్ల మూలం యెమెన్‌లో హద్రమౌత్ లోయ. అసలు మూలపురుషుడు అహ్మద్ బిన్ ఈసా, అంటే ఈసా కొడుకు అహ్మద్, పదో శతాబ్దంలో ఇరాక్‌లోని బస్రా వదిలి అక్కడికి చేరాడు, అందుకే ఆయన్ని వలసవచ్చినవాడు అంటారు. సంతానం పెరిగేకొద్దీ అందరికీ అవే పేర్లు, అలీ, ఉమర్, అబ్దుల్లా. మరి ఎవరెవరో ఎలా తెలియాలి? మనూళ్లో పొడుగు సుబ్బయ్య, నల్ల సుబ్బయ్య అన్నట్టే, ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు పేరు పెట్టారు. అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా, వెళ్లొచ్చినాయన పిల్లలు హబ్షీలు. రాత్రంతా ప్రార్థనలో గడిపినాయన పిల్లలు జమలుల్లైల్, అంటే రాత్రికి అందం. మలేసియాలో పెర్లిస్ రాజుల ఇంటిపేరు అదే. మనవాళ్లది తుమ్ము. ఈ అత్తాస్‌ల ఊరు హురైదా, అమ్ద్ లోయలో. 17వ శతాబ్దంలో ఉమర్ బిన్ అబ్దుర్రహ్మాన్ అల్ అత్తాస్ అని ఒక మహాత్ముడు అక్కడ స్థిరపడ్డాకే ఊరికీ ఇంటిపేరుకీ కీర్తి. ఆయన కూర్చిన ప్రార్థనల వరసని ఇప్పటికీ ఇండోనేసియాలో, మలేసియాలో జనం కలిసి చదువుతారు. మసీదు లోపల గోడకి దాని పటం చూశాను. 1937-38 చలికాలంలో ఫ్రెయా స్టార్క్ అనే ఆంగ్ల యాత్రికురాలు మరో ఇద్దరు పరిశోధకురాళ్లతో ఆ ఊళ్లో మకాం వేసిందట. చంద్రుడి గుడి ఒకటి అక్కడ తవ్వి తీశారు. ఇస్లాం రాకముందు గుడి.

మరి ఆ ఎండిన లోయ నుంచి ఈ వాన ఊరికి ఎలా వచ్చారంటే... అది చాలా ఉంది, కొంచెం చెప్తా. అక్కడ తిండి గింజలు తక్కువ, మనుషులు ఎక్కువ. పడవలు వేసుకుని మన గుజరాత్‌కి, తూర్పు ఆఫ్రికాకి, జావాకి పోయేవాళ్లు. 1869లో సూయెజ్ కాలువ తెరిచి, స్టీమర్లు జోరందుకున్నాక ఇంకా ఎక్కువైంది. అప్పట్లో ఇక్కడ ఏలిన డచ్చివాళ్లు అరబ్బుల్ని ‘పరాయి తూర్పువాళ్లు’ అని ఒక తరగతిలో వేసి, ప్రత్యేకమైన పేటల్లోనే ఉండాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి అని కట్టడి పెట్టారు. ఎంపాంగ్ లాంటి పేటలు అలా చిక్కబడ్డాయి. ఎవరు ఏ గుమాస్తా దగ్గర పేరు రాయించుకుంటే ఆ స్పెల్లింగు మిగిలింది. మా పెద్దాయన అలాతాస్, ఆయన తమ్ముడు అలత్తాస్, మలేసియాలో జోహోర్‌లో ఉన్న పెదనాన్న కొడుకు అల్ అత్తాస్. ఒకే తాత మనవలు! బ్యాంకులో వారసత్వం కాగితాలకి తిరిగి తిరిగి విసిగిపోయారట.

ఒక్కటి మాత్రం వింటే ఆశ్చర్యపోతావు. 1988లో దక్షిణ యెమెన్ అధ్యక్షుడు హైదర్ అబూబకర్ అల్ అత్తాస్. అదే ఏడాది ఇండోనేసియా విదేశాంగ మంత్రిగా వచ్చినాయన అలీ అలాతాస్. అదే ఏడాది మలయా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ సయ్యద్ హుస్సేన్ అలాతాస్. మూడు దేశాలు, ఒకటే తుమ్ము! ఈ హుస్సేన్, ఆయన తమ్ముడు నకీబ్ అల్ అత్తాస్ పుట్టింది బోగోర్‌లోనే. మేం ఇవాళ చూసిన సమాధి వాళ్ల తాతగారిది, హబీబ్ అబ్దుల్లా బిన్ ముహ్సిన్ అల్ అత్తాస్. 1933లో పోయారు. సమాధి మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ అంచు ఒక ముసలమ్మ రెండు వేళ్లతో పట్టుకుని కళ్లకి అద్దుకుంటోంది. మన కడప దర్గాలో మా పిన్ని అచ్చం అలాగే చేసేది.

మన హైదరాబాదుకీ ముడి ఉంది, మర్చిపోయేవాణ్ణి. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమీ అరబ్బుల బ్యారక్సే ఇప్పటి బార్కస్. మనం జామకాయలు కొన్నామే, అదే. 1948 సెప్టెంబర్ 18న జనరల్ చౌదరికి లొంగిపోయిన నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ కూడా ఈ సయ్యదుల్లోవాడే, ఐదరూస్ శాఖ. ఐదరూస్, అత్తాస్ ఒకే మూలపురుషుడి పిల్లలు. సోషల్ పరీక్షకి ఆ పేరు ఎన్నిసార్లు బట్టీ పట్టామో, ఏ దేశం పేరో అని ఒక్కసారైనా అనుకున్నామా?

తిరిగొచ్చాక ఆయన బీరువాలోంచి ఒక పుస్తకం తీశారు. పాస్‌పోర్టంత ఉంటుంది. జకార్తాలో 1928లో పెట్టిన వాళ్ల సంఘం ఒకటుంది, రాబితా అలవియా అని. వంశాల పట్టీలు అదే చూస్తుంది. పుస్తకంలో ఆయన పేరు, తర్వాత బిన్, బిన్, బిన్ అంటూ పైదాకా. మన ప్రవరలో ఋషుల్ని చెప్పినట్టు వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదివారు. చదువుతూ చదువుతూ వేలు ఆపేశారు. ‘ఇందులో మా అమ్మ లేదు’ అన్నారు. అమ్మ సుండా అమ్మాయి, అంటే పశ్చిమ జావా జాతి, ఈ ఊరిదే. నాయనమ్మదీ ఈ ఊరే. పడవల్లో వచ్చింది మగవాళ్లు, ఇల్లు నిలబెట్టింది ఇక్కడి ఆడవాళ్లు. ఆయనకి అరబ్బీ చదవడం వచ్చు, మాట్లాడటం రాదు. కోపం వస్తే సుండా భాషే వస్తుందట. కూతురి పిల్లలకి ఈ ఇంటిపేరు రాదు. నేనేమీ అనలేకపోయానురా. మా అమ్మ పుట్టింటిపేరు మా చిన్నదానికి తెలుసా అని... సరే, అది ఇంకోసారి.

హురైదా చూడాలని ఆయనకి చిన్నప్పటి నుంచీ కోరిక. రిటైరయ్యాక వెళ్దామని దాచుకున్న డబ్బు ఉంది. యుద్ధం వచ్చిపడింది, ఇప్పుడు ఎలా వెళ్తారు? అక్కడి నుంచి చేరినవి రెండే రెండు తేనె సీసాలు, జిద్దాలో ఉన్న బంధువు తెచ్చాడట. ఒకటి సిద్ర్ తేనె, అంటే మన రేగు జాతి చెట్టు పూలది. దానికి ఖరీదు చాలా ఎక్కువ. రెండోది ముదురు రంగు, సుమ్ర్ తేనె అన్నారు. సుమ్ర్ అంటే ఏ చెట్టు అని అడిగితే ఆయనకి తెలుగు రాదు, నాకు అరబ్బీ రాదు. ఫోన్లో బొమ్మ తీసి చూపించారు. ఎర్రటి బీడు, గొడుగులా పరుచుకున్న కొమ్మలు, తెల్లటి పొడుగాటి ముళ్లు...

తుమ్మ చెట్టురా శీనూ! మన తుమ్మ జాతే. తుమ్ము వంశం వాళ్ల లోయనిండా నీ ఇంటిపేరే.

నీ కథంతా చెప్పాను, మాస్టారి హాజరుతో సహా. ఆ సుమ్ర్ సీసాలోంచి సగం ఒక చిన్న సీసాలోకి వంచి, మూతకి ప్లాస్టిక్ చుట్టి, నా చేతిలో పెట్టారు. ‘తుమ్మ చెట్టు ఇంటి అబ్బాయికి’ అన్నారు. జూలైలో మా బావమరిది వస్తున్నాడు, వాడితో పంపిస్తాను. వాడు దార్లో మూత తీయకుండా నువ్వే ముందుగా ఫోన్ చేసి బెదిరించు. నాకిన్ని...

పక్క గదిలో చిన్నది లేచింది, నా కోసమే ఏడుస్తోంది. మళ్లీ రాస్తాను. బోరు సంగతి రాయి.

నీ
రాంబాబు