ట్రైనీగా చేసిన 9 నెలలు కూడా పనే

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కాజీపేట లోకోషెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన. మా చిన్నబిడ్డ మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో పంపుల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో 16 నెలలు పనిచేసింది. మొదటి 9 నెలలు ట్రైనీ, తర్వాతి 7 నెలలు ఇంజనీర్. కెనడాలో శాశ్వతంగా ఉండే అనుమతి (పీఆర్) కోసం, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వాళ్ల ఆన్‌లైన్ దరఖాస్తు పద్ధతిలో పెట్టుకుందామని కాగితాలు సర్దుకుంటుంటే, సరిగ్గా ఆ 9 నెలల దగ్గర చిక్కొచ్చి పడ్డది. అందులో నైపుణ్యం ఉన్న ఉద్యోగులకు పెట్టిన ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అనే దారిలో కనీసం ఏడాది ఎడతెగకుండా ఒకే వృత్తిలో చేసిన అనుభవం చూపాలె. ట్రైనీ నెలలు తీసేస్తే బిడ్డకు ఆ ఏడాది నిండదు.

హన్మకొండలో ఒక కన్సల్టెన్సీకి పోయినం. అక్కడి అబ్బాయి కాగితం చూసి, "ట్రైనీ అంటే లెక్కకు రాదు అంకుల్. మొదటి నుంచీ ఇంజనీరే అని ఒక లెటర్ చేయిద్దాం, అది నేను చూసుకుంట" అన్నడు. బిడ్డ ఇంకో మాట లేకుండా లేచింది. దొంగ కాగితం పెట్టి దొరికితే 5 ఏండ్లు కెనడా గడప తొక్కనియ్యరు. ఆ సంగతి ఆ అబ్బాయికి తెల్వకపోదు. తెలిసి కూడా ఊరి పిల్లలతో ఆ పని చేయిస్తున్నందుకు నాకు కడుపు మండింది.

ఇంటికొచ్చి బిడ్డ, నేను కూసొని కెనడా ప్రభుత్వ నిబంధనలే చదివినం. ట్రైనీ అన్న పేరు ఉన్నంత మాత్రాన అనుభవం చెల్లదని ఎక్కడా లేదు. వాళ్లు చూసేది వేరే. చేసిన పనికి జీతమో కమీషనో ముట్టిందా? జీతం లేని ఇంటర్న్‌షిప్ చెల్లదు. వారానికి 30 గంటల లెక్కన ఏడాదికి 1,560 గంటలు నిండినయా? మన ఫ్యాక్టరీల్లో 48 గంటలు చేసినా వారానికి 30 గంటలే లెక్క, తొందరగా నింపుకుందామంటే కుదరదు. అన్నిటికన్నా ముఖ్యం, ఏ వృత్తిలో ఏం పనులుంటయో రాసిపెట్టిన వాళ్ల ఎన్‌ఓసీ పట్టికలో ఆ వృత్తికి రాసి ఉన్న ముఖ్యమైన పనులను నిజంగా చేసినట్టు ఆఫీసర్‌కు నమ్మకం కుదరాలె.

చేసింది. ఆ 9 నెలలు బిడ్డ డ్రాయింగులు గీసింది, షాప్‌ఫ్లోర్ మీద వెర్నియర్ పట్టుకొని కొలతలు తీసింది, తేడా వచ్చిన ఇంపెల్లర్లను (పంపు లోపల తిరిగే చక్రాలను) పక్కన పెట్టి రిపోర్టులు రాసింది. నెలనెలా బ్యాంకులో రూ.18,000 పడ్డయి. కానీ వచ్చేటప్పుడు కంపెనీ చేతిలో పెట్టిన కాగితంలో ఒకటే వాక్యం: "శిక్షణ విజయవంతంగా పూర్తి చేసుకున్నారు." కింద గుండ్రటి సీల్. ఏం పని చేసిందో లేదు, వారానికి ఎన్ని గంటలో లేదు, ఎంత ఇచ్చిండ్రో లేదు. బ్యాంకు పుస్తకంలో ఆ పైసల పక్కన స్టైపెండ్ అని ఉంది. అది పనికిచ్చిన జీతమేనని మేం వేరే రుజువు చేసుకోవాలె. "నాయినా, 9 నెలలు నేను ఉత్తగ పోయొచ్చిన్నా?" అని అడిగింది బిడ్డ.

నేను కూడా అప్రెంటిస్‌గానే మొదలుపెట్టిన. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే, వర్కర్ కాడు. ఆ మాట ఆ చట్టం కింద చేరినోళ్లకు. మా బిడ్డ ఆ చట్టం కింద చేరలేదు. కానీ కంపెనీలు ఆ అలవాటునే అందరికీ అంటగట్టి, పక్క టేబుల్ ఇంజనీర్‌తో సమానంగా పని తీసుకుంటూ కాగితం మీద మాత్రం నేర్చుకునే పిల్ల అని రాస్తున్నయి.

కెనడా వాళ్లు అడిగే లెటర్ పెద్ద బ్రహ్మవిద్య కాదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద హోదా, తేదీలు, చేసిన పనులు, వారానికి గంటలు, జీతం, ఇతర సౌకర్యాలు, పైఅధికారి సంతకం, ఫోన్ నంబర్. హెచ్‌ఆర్ వాళ్లకు అరగంట పని. ట్రైనీ అనే రాయండి, అబద్ధం ఎవరూ అడగట్లేదు. చేసిన పని మాత్రం రాయండి.

మన కాలేజీల్లో ప్లేస్‌మెంట్ చూసే సార్లకు కూడా ఒక విన్నపం. ఈ సంగతి ఆఫర్ లెటర్ చేతికొచ్చిన రోజే పిల్లలకు చెప్పండి. పేస్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకోమనండి. అక్కడికి పోయి చదువుకుందామనుకునే పిల్లలకు ఇంకోటి: ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉంటూ కెనడాలో చేసిన పని, జీతమొచ్చినా, చదువులో భాగంగా చేసే కో-ఆప్ ఉద్యోగమైనా, కెనడాలో చేసిన పని చూపి పీఆర్ అడిగే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ కింద లెక్కకు రాదు. లక్షలు అప్పు చేసి పంపే తల్లిదండ్రులకు ఈ ముక్క ముందే తెలియాలె.

బిడ్డ తను చేసిన పనులన్నీ తారీఖులతో సహా తెల్లకాగితం మీద రాసి, ఇది నిజమని సంతకం పెట్టమని ఆ కంపెనీకి మూడుసార్లు మెయిల్ పంపింది. ఇంకా జవాబు రాలేదు. వచ్చే సోమవారం నేనే బిడ్డను తోలుకొని రైలెక్కుతున్న.

– ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, కాజీపేట