ఆ రాత్రి నెట్‌వర్క్ ఎందుకు ఆగిందంటే

అందరికీ నమస్కారమండీ. మంచి సీజన్లో, మిర్చి యార్డు నుంచి సరుకు ఏసీలకి, అంటే కోల్డ్ స్టోరేజీలకి తోలే టైంలో మన బాండ్ల (నిల్వ పెట్టిన సరుకుకిచ్చే రసీదుల) కంప్యూటర్ నెట్‌వర్క్ సాయంత్రం ఆగిపోయి తెల్లారేదాకా లేవలేదు. ఫోన్లో తిట్టినవాళ్లు, తిట్టకుండా పెట్టేసినవాళ్లు అందరూ మనవాళ్లే కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

మన నెట్‌వర్క్‌లో 7 నోడ్లు, అంటే ఒకే లెక్కని వేటికవి దాచుకునే 7 కంప్యూటర్లు. బాండు ఎక్కాలన్నా, బ్యాంకు తాకట్టు ఎక్కాలన్నా కనీసం 5 ఒప్పుకోవాలి. రెండు చెడిపోయినా, దొంగలెక్క చెప్పినా పని నడుస్తుంది, మూడోది పోతే మాత్రం ఆగుతుంది. ఇది నా సొంత లెక్క కాదు, 1999లో కాస్ట్రో, లిస్కోవ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు చూపించిన పద్ధతి ఇదే. 7లో 3 ఒక హోస్టింగ్ కంపెనీ (సర్వర్లు అద్దెకి నడిపేవాళ్లు) దగ్గర, 2 గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసులో, 2 కోల్డ్ స్టోరేజీల్లో ఉండేవి. ఆ కంపెనీవాడు మూడు సర్వర్లూ మూడు వేరే బిల్డింగుల్లో పెడతానని చెప్పి, దానికి వేరే రేటు కట్టించుకుని, బిల్లు మీద కూడా 'వేర్వేరు లొకేషన్లు' అని రాశాడు. లాగ్ తీసి చూస్తే మూడూ ఒకే సెకనులో పోయినయ్. వేరే బిల్డింగులు ఒకే సెకనులో ఎట్టా పోతాయండీ? గట్టిగా అడిగితే యూపీఎస్ కాలిపోయింది సర్, అన్నీ ఒకే క్యాంపస్ కదా సర్ అన్నాడు. క్యాంపస్ అంట! పైగా సర్వీస్ క్రెడిట్ ఇస్తాం, అంటే బిల్లులో కాస్త తగ్గిస్తాం అన్నాడు, అది మావాళ్ల ఆ రాత్రి టీ ఖర్చుకి కూడా చాలదు.

ఇక మీలో చాలామంది అడిగేది, మిగిలిన నాలుగుతోనే ఎందుకు నడపలేదని. నడపొచ్చు. లెక్కలోకొచ్చే నోడ్లు ఈ నాలుగే అని కొత్త లిస్టు రాసి నాలుగు మెషిన్లలో వేస్తే పది నిమిషాల పని. మా కుర్రాళ్లు రెడీగా కూర్చున్నారు, ఆ ఇద్దరు కోల్డ్ స్టోరేజీ ఓనర్లు కూడా కానివ్వమన్నారు. ఒకాయన అయితే 'నీ కంప్యూటర్లకి జ్వరమొస్తే నా గేటు దగ్గర లారీలెందుకు ఆగాలయ్యా' అన్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు, వెయిటింగ్ చార్జీ కట్టేది ఆయనే. అయినా నేను ఒప్పుకోలేదు. లిస్టు మార్చాలన్నా ఐదుగురి సంతకం కావాలని రూలు పెట్టింది మనమే. అవసరం వచ్చిందని నేనొక్కణ్ణే మార్చేస్తే, రేపు ఎవరో నన్ను కూర్చోబెట్టి ఒకే 200 టిక్కీలకి (మిర్చి బస్తాలకి) రెండో బాండు పుట్టించమన్నా పుట్టించగలను అని అర్థం. ఒకే సరుకు రెండు బ్యాంకుల్లో తాకట్టు పడకూడదనే కదా మీరు మా దగ్గరికొచ్చింది. మొండోడు అనుకుంటే అనుకోండి, మళ్లీ అదే జరిగితే మళ్లీ ఆపే ఉంచుతా.

బిట్‌కాయిన్ ఆగదు కదా అని ఒక కమీషన్ వ్యాపారి గారి అబ్బాయి మెసేజ్ పెట్టాడు. నిజమే, కానీ అక్కడ బ్లాక్, అంటే లావాదేవీల కట్ట, సుమారు 10 నిమిషాలకి ఒకటి, ఖాయం అనుకోడానికి మామూలుగా 6 బ్లాకులు చూస్తారు, అంటే గంట. ప్రతి లారీకి గంట ఆగుతారా? మనది సెకనులో తేలిపోతుంది, తేలాక ఎవడూ వెనక్కి తిప్పలేడు, దానికి బదులుగా సరిపడా మంది లేకపోతే నిలబడిపోతుంది. బిట్‌కాయిన్ లాంటిదే ఇంకో నెట్‌వర్క్, అంత స్పీడని పేరున్న సొలానా కూడా 2024 ఫిబ్రవరిలో దాదాపు 5 గంటలు ఆగింది.

బాండ్లు ఒక్కటి కూడా పోలేదు. ఆ మూడు నోడ్లూ ఆ కంపెనీ నుంచి పీకేశా, ఇప్పుడు నరసరావుపేటలో ఒకటి, చిలకలూరిపేటలో ఒకటి, విజయవాడ ఆటోనగర్లో ఒకటి, మూడుచోట్లా ఇన్వర్టరు, రెండేసి నెట్ లైన్లు, నేనే వెళ్లి ప్లగ్గు పీకి చూసొచ్చా. సెకనులో అయ్యేది రెండు సెకన్లు పట్టొచ్చు, ఓర్చుకోండి. ఈ నెల ఫీజు ఎవరూ కట్టొద్దు. ఒకాయన నెట్‌వర్క్ వదిలేసి మళ్లీ లెక్కల పుస్తకాల్లోకి వెళ్లిపోయారు, బాధేసింది, ఆయన లాగిన్ మాత్రం నేను తియ్యలేదు.

ఆ రాత్రి గేటు దగ్గర కాగితం రసీదులు ఇచ్చినవాళ్లు వాటిని పారెయ్యకండి. పొద్దున ఎక్కించిన బాండు నంబరు వాటి వెనకాల రాసి ఉంచండి, బ్యాంకువాళ్లు తేదీ తేడా అడిగితే రెండూ చూపించాలి.