తుంగ పీకకుండా ఆగినందుకు థాంక్స్

హైదరాబాద్ నుంచి మా చెరువుకు వచ్చిన కంపెనీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా చేపల సంఘం తరఫున నమస్కారం.

మీరు మొదటిసారి బస్సు దిగిన రోజు మేం కట్ట మీద కూర్చుని నవ్వుకున్న మాట నిజం. అందరికీ ఒకే రంగు టీషర్టు, చేతులకు గ్లవ్స్, ముందు ఒక బ్యానర్. ‘మధ్యాహ్నం దాకా ఉంటారు, ఫొటోలు దిగి పోతారు’ అన్నది నేనే. మీరు నాలుగు ఆదివారాలు వచ్చారు, అదీ ఎండాకాలంలో, దేవరకొండ ఎండలో. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అసలు సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మా చెరువు మత్తడి దూకితే నీళ్లు డిండి వాగులోకి, అక్కడి నుంచి కృష్ణలోకి పోతాయి. మా నాయన కాలంలో ఈ చెరువులో వాలుగలు బారెడు పొడవు దొరికేవి. పొలుసు ఉండదు, ముళ్లు తక్కువ, పెద్ద నోరు, రెండు పొడుగు మీసాలు. ఇప్పుడు ఏడాదంతా వల వేసినా ఒకటో రెండో. మా ఊళ్లోనే కాదు, ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ కూడా 2019లో వాలుగను ముప్పులో ఉన్న జాతుల్లో పెట్టింది. కొర్రమీనును 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించారు, సంతోషం. వాలుగను అడిగే దిక్కు లేదు.

అది ఎందుకు తగ్గిందో మాకు తెలుసు, అందులో మా తప్పూ ఉంది. తొలకరికి వాగు నీళ్లు చెరువులో పడగానే వాలుగ ఎదురెక్కుతుంది, మోకాలి లోతు నీళ్లలో గడ్డి, తుంగ ఉన్నచోట గుడ్లు పెడుతుంది. సరిగ్గా అప్పుడే మిరుగు, అంటే మృగశిర కార్తె. మిరుగు రోజు ఇంట్లో చేప ఉండాల్సిందే కదా! వాగుకు అడ్డంగా వల కట్టి, కడుపు నిండా గుడ్లున్న చేపను పట్టి అమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను. పైగా పూడిక తీశాక ఒడ్డు నిట్టనిలువుగా అయింది. నీళ్లు పెరిగాయి, అది మంచిదే, కానీ గుడ్లు పెట్టే పల్చటి నీళ్లు ఒక్క వాగు మూల దగ్గరే మిగిలాయి. ఆ మూలను కూడా సర్కారు తుమ్మ మూసేసింది.

మొదటి ఆదివారం మీరు చెరువు శుభ్రం చేద్దామని వచ్చారు. గుర్రపు డెక్క లాగారు, సీసాలు, చిరిగిన నైలాన్ వలలు, వినాయకుల ఇనుప చువ్వలు ఏరారు. తర్వాత అదే ఊపులో తుంగ పీకడం మొదలుపెట్టారు. మా పెద్దనాయన కట్ట మీది నుంచి అరిచాడు, ఆ భాషను ఇక్కడ రాయలేను. మీ టీమ్ లీడర్ చెల్లె కోపం తెచ్చుకోలేదు. పని ఆపించి, వచ్చి ఆయన పక్కన కూర్చుని ‘ఎందుకు వద్దు తాతా?’ అని అడిగింది. గంటసేపు విన్నది. రెండో వారం మీరు వచ్చింది సర్కారు తుమ్మ కొట్టడానికి, పీకిన చోట తుంగ గడ్డలు మళ్లీ నాటడానికి. నేను అందరికంటే ఎక్కువ థాంక్స్ చెప్పేది ఈ పనికే. లాభంలో రెండు శాతం ఖర్చు పెట్టాలని పెద్ద కంపెనీలకు చట్టం ఉంది, డబ్బు ఎవరైనా ఇస్తారు. ముసలాయన తిట్టినా కూర్చుని వినేవాళ్లు దొరకరు.

ముళ్లు దిగిన చేతులతోనే నిలువుగా ఉన్న ఒడ్డును రెండు చోట్ల వాలుగా చెక్కారు. మీకు జొన్న రొట్టెలు చేసి పెట్టిన మహిళా సంఘం అక్కలకు, డీజిల్ ఖర్చు మాత్రమే తీసుకున్న జేసీబీ తమ్ముడికి కూడా దండాలు.

మా వంతు మేం కూడా చేశాం. మిరుగు నుంచి పునర్వసు కార్తె దాటేదాకా వాగు మూలలో వల వేయొద్దని సంఘంలో తీర్మానం చేసుకున్నాం. అందరూ ఒప్పుకోలేదు. మనం పెంచడానికి వదిలిన రవ్వ, బొచ్చె చేప పిల్లల్ని వాలుగ మింగితే నష్టం ఎవరిదని అడిగారు. వాళ్ల లెక్క తప్పు కాదు, అది వేటాడే చేపే. ఒక్క ఏడాది చూద్దామని ఒప్పించాం.

ఆరుద్రలో ఒక రాత్రి గట్టి వాన పడింది. తెల్లవారుజామున పెద్దనాయన ఫోన్ చేసి రమ్మన్నాడు. టార్చి వేసి చూస్తే మీరు నాటిన తుంగ మధ్య నీళ్లు కదులుతున్నాయి. వాలుగల జత, వీపులు బయటికి కనబడేంత పల్చటి నీళ్లలో ఒకదాన్నొకటి చుట్టుకుని తిరుగుతున్నాయి. వీడియో తీద్దామంటే ఆయన టార్చి ఆర్పేశాడు. అందుకే మీకు పంపడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంకో మాట. మీలో ఎవరిదో ఎడమకాలి గంబూటు మా సంఘం గదిలో ఉంది. బురదలోంచి దాన్ని లాగడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. సంక్రాంతి దాటి నీళ్లు తగ్గాక వల వేస్తాం, అప్పుడు వచ్చి తీసుకుపోండి. వాలుగ పడితే వదిలేస్తాం, మీకు పులుసు మాత్రం బొచ్చెతోనే.